గూఢచారి బొమ్మలలో తప్పులు



గూఢచారి కథలుగల చలనచిత్రములను చూచి వచ్చువారు రెండు తెగలుగా నుందురు. నాయకుడెంత యెత్తునుండి దుమికెనో, ఎన్ని కార్లను నుగ్గు చేసెనో చెప్పుకొని సంతోషించువారొక తెగ. దుమికినప్పుడు కాలికి నల్లజోడుండెను గదా, నేల దిగునప్పటికి అది గోధుమరంగు జోడెట్లయ్యెనని యడుగువారు రెండవ తెగ. ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున ఈ రెండవ తెగకు బలమెక్కువ. ఆర్ట్సు కళాశాల మెట్లమీద మొదలైన వాదము చెట్లక్రిందుగా నడచి, తార్నాక చౌరస్తాలోని టీకొట్టు చేరునప్పటికి, ఒక్కొక్క బొమ్మకు ఇరువది ముప్పది తప్పులు లెక్క తేలును. ఆ ప్రాంగణములో పాఠములు చెప్పుకొనుచు తార్నాకలో కాపురముండు వాడనగుటచే ఈ లెక్కలను వినుభాగ్యము నాకు చాలకాలముగా లభించినది.

ఇది పనిలేనివారి పని యని పెద్దలందురు. నేనట్లనజాలను. తెరమీద చూపినదెల్ల నమ్మక ‘ఇది యెట్లు పొసగును?’ అని యడుగువాడు పాఠ్యగ్రంథమునుగూడ ఒకనాడట్లే యడుగును. కాని యీ వేటలో రెండు చిక్కులు కలవు. ఏ తప్పును లెక్కింపవలెను, దేనిని విడువవచ్చుననునది మొదటిది. తప్పు పట్టువాడు చెప్పు ముచ్చట నిజమో కాదో ఎవరు పరీక్షింతురనునది రెండవది. నేటి నా ప్రసంగము ఈ రెంటిని గూర్చియే.

తార్నాక యన్న పేరే గూఢచారి కథకు తగినట్లున్నది. నిజాముకాలమున ఇచ్చటి తోటలకు తీగకంచె కట్టి, కాపలాకు నాకా పెట్టిరనియు, తార్ అనగా తీగ, నాకా అనగా చౌకి, రెండును గలిసి తార్నాక యైనదనియు చెప్పుదురు. అంతకన్న మేలైన సంగతి మరియొకటి కలదు. ఈ చుట్టుపట్లనే జాతీయ పోషకాహార సంస్థ యున్నది. ఉప్పలు వైపు సాగిపోయినచో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, సీ.సీ.ఎం.బీ., జాతీయ భూభౌతిక పరిశోధనాలయము, ఆపైన సర్వే ఆఫ్ ఇండియావారి కార్యాలయములు వరుసగా వచ్చును. ప్రాంగణమును ఆనుకొని ఆంగ్ల విదేశీ భాషల విశ్వవిద్యాలయము కలదు. పానపాత్రలో విషము కలుపు దృశ్యమునకు రసాయనజ్ఞులు, మీట నొక్కి భూకంపము పుట్టించు దుష్టునికి భూభౌతికజ్ఞులు, రష్యావాడుగా నటించు లండనువాని యుచ్చారణకు భాషావేత్తలు, ఎడారిలో సముద్రతీరము చూపినచో పటములు గీయువారు! ఇందరు న్యాయాధిపతులు ఒక్క రోడ్డుమీద దొరకు ఊరు మరియొకటి యుండుట అరుదు.

మొదట కంటికి దొరకు తప్పులను చూతము. ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1959లో తీసిన ‘నార్త్ బై నార్త్‌వెస్ట్’ అను చిత్రమున, రష్‌మోర్ కొండయొద్ద ఫలహారశాలలో నాయిక తుపాకి తీసి నాయకుని కాల్చును. వెనుక బల్లయొద్ద కూర్చున్న బాలుడొకడు తుపాకి పేలకముందే చెవులు మూసికొనును. పూర్వాభ్యాసములలో ఆ చప్పుడు వినివిని పిల్లవాడు విసిగియుండును, పాపము! ప్రపంచమందలి గూఢచారులెవ్వరికిని తెలియని కుట్ర ఆ బాలునికి ముందే తెలిసినదని మా విద్యార్థులు నవ్వుదురు. 1971లో వచ్చిన ‘డైమండ్స్ ఆర్ ఫరెవర్’ అను జేమ్స్ బాండ్ చిత్రములో ఎర్రని మస్టాంగు కారు ఇరుకుసందులోనికి కుడి చక్రములమీద ఒరిగి ప్రవేశించి, ఎడమ చక్రములమీద వెలువడును. ప్రవేశమొకచోటను నిర్గమనమొకచోటను తీయుటచే కలిగిన వింత యిది. తప్పు తెలిసిన పిదప నిర్మాతలు, సందు నడుమ కారు ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు ఒరిగినట్లు చిన్న తునక యొకటి తీసి అతికిరి. ఒంటిప్రక్కనే దూరవలసినంత యిరుకైన సందులో కారు ప్రక్క మార్చుకొనుట కెడమెక్కడిది? అతుకువలన తప్పు మరింత ప్రసిద్ధికెక్కెను. 1964 నాటి ‘గోల్డ్‌ఫింగర్’లోనిది ఇంతకన్న సొగసైనది. బాంబు గడియారము పేలుటకు ముందు 007 అంకెయొద్ద ఆగును. నాయకుడు మాత్రము ఇంక మూడు టిక్కులే మిగిలినవన్నట్లు మాటలాడును. మొదట 003 యొద్ద ఆగునట్లు తీసి, తరువాత చమత్కారమునకై అంకె మార్చిరి. మాట మార్చుట మరచిరి.

సినిమా కథాక్రమమున తీయబడదు. చివరి దృశ్యము మొదటిదినమున, మొదటి దృశ్యము మూడునెలలకు తీయబడవచ్చును. వానిని కలుపు సూత్రమును ఆ వృత్తివారు కంటిన్యుటీ అందురు. ఏ చేతికి గడియారమున్నది, గ్లాసులో నీరెంతవరకున్నది, చొక్కా గుండీ పెట్టినదా తీసినదా యని వ్రాసికొనుటకు ఒక మనిషి ప్రత్యేకముగ నుండును. ఆ మనిషి తల త్రిప్పిన నిమిషమున జరుగునవి ఈ తప్పులు. నా దృష్టిలో ఇవి గ్రంథములలోని అచ్చుతప్పులవంటివి. పట్టుటకు చురుకైన కన్ను చాలును, చదువక్కరలేదు. విద్యార్థుల లెక్కలో నూటికి ఎనుబది యివియే యగుట నా కొకింత కష్టముగ నుండెడిది.

రెండవజాతి తప్పులు తెలివికి సంబంధించినవి. ‘గోల్డ్‌ఫింగర్’ లోనే ఒక స్త్రీకి ఆపాదమస్తకము బంగారుపూత పూయగా, చర్మమునకు ఊపిరియాడక మరణించినట్లు చూపిరి. మనుష్యుడు ఊపిరితిత్తులతో శ్వాసించునుగాని చర్మముతో కాదు. పూతవలన చెమట పోక ఒడలు వేడెక్కవచ్చును, ఊపిరిమాత్రము ఆగదు. ఈ తప్పుకు పుట్టిన పిల్ల యింకను వింతయైనది. ఆ పాత్ర ధరించిన షర్లీ ఈటన్ అను నటి చిత్రీకరణములో నిజముగనే మరణించెనని ఒక ముచ్చట లోకమంతట వ్యాపించెను. ఆమె ఆపైనను చిత్రములలో నటించి, 1999లో ‘గోల్డెన్ గర్ల్’ అను పేర ఆత్మకథ ప్రకటించినది. సినిమా చంపినది పాత్రను. ముచ్చట చెప్పువారు చంపినది మనిషిని.

అదే చిత్రమునకు న్యాయముగ దక్కవలసిన మెప్పుకూడ ఒకటి కలదు. 1959లో వెలువడిన మూలనవలలో దుష్టుడు అమెరికావారి ఫోర్ట్ నాక్స్ కోశాగారములోని బంగారమును దోచుకొనిపోవ తలచును. బంగారము నీటికంటె పందొమ్మిది రెట్లకు పైగా బరువైనది. లీటరునీరు పట్టు చెంబును బంగారముతో నింపినచో దాని బరువు పందొమ్మిది కిలోలు దాటును. మన బొమ్మలలో దొంగలు పెట్టెలనిండ బంగారు ఇటుకలు పెట్టి సంచివలె చంకనిడుకొని పరుగెత్తుదురు. కోశాగారములందుండు ప్రమాణపు ఇటుక యొక్కటియే పన్నెండు కిలోల పైచిలుకు! చిత్రము తీసినవారు ఈ లెక్క గ్రహించి, ఇంత సరకును మోయుటకు ఎందరు మనుష్యులు, ఎన్ని దినములు కావలయునో నాయకునిచేతనే చెప్పించి, దుష్టుని యెత్తుగడ మార్చిరి. బంగారమును దొంగిలింపనక్కరలేదు, అణుధూళిచే ఎవరును ముట్టరానిదిగ చేసిన చాలుననునది క్రొత్త పన్నుగడ. నవలలోని తప్పును సినిమా దిద్దిన యుదాహరణములు తరచుగ దొరకవు.

తప్పు పట్టుట వలన రచన మారిన కథ మరియొకటి విన్నవించెదను. ఇది నా కన్నిటికంటె ఇష్టమైనది. జెఫ్రీ బూత్రాయిడు అను గ్లాస్గోవాసి తుపాకుల శాస్త్రము బాగుగ నెరిగినవాడు. ఆయన 1956లో ఇయన్ ఫ్లెమింగునకు ఉత్తరము వ్రాసి, మీ కథానాయకునిచేతి చిన్న బెరెట్టా పిస్తోలు ఆడువారి సంచిలో నుండదగినది, ప్రాణాపాయపు వృత్తిలోనివాడు దానిని నమ్ముకొనరాదని తెలిపెను. ఫ్లెమింగు కోపగింపలేదు. ఉత్తరప్రత్యుత్తరములు నడపి, 1958లో వెలువడిన ‘డాక్టర్ నో’ నవలలో నాయకుని తుపాకి మార్పించి, ఆ మార్పు చేయించు ఆయుధాధికారికి మేజర్ బూత్రాయిడను పేరే పెట్టెను. తరువాతి చిత్రములలో క్యూ అను పేర ప్రసిద్ధుడైనవాడు ఈతడే. ఇంతవరకు విద్యార్థులందరికిని తెలియును. మిగిలిన సగము తెలియదు. బూత్రాయిడు తన కిష్టమైన రివాల్వరుకు తగిన తోలు ఒర నొకదానిని గూడ సూచించెను. ఫ్లెమింగు వాల్తరు పిస్తోలును ఎన్నుకొని, రివాల్వరుకై చేసిన ఆ యొరనే దానికి తగిలించెను. ఆ ఒరలో ఆ పిస్తోలు నిలువదు. తప్పు దిద్దబోయి క్రొత్త తప్పు! పండితుడు చెప్పినమాటలో సగము విని సగము విడిచినచో జరుగునది యిదియే. పిస్తోలు సంగతి వచ్చినది గనుక ఒక్కమాట: సైలెన్సరు బిగించిన తుపాకి తెరమీద ఉఫ్ అని దీపమార్పినట్లు పలుకును. నిజమునకు నూట అరువది డెసిబెల్లుల ప్రేలుడులో అది తగ్గించునది సుమారు ఇరువది ముప్పది మాత్రమే. ప్రక్కగదిలో నిద్రించువాడు తప్పక లేచును.

ఇక మన బొమ్మలకు వత్తము. 1966లో సుందర్‌లాల్ నహతా, డూండీగారలు నిర్మించి, ఎం. మల్లికార్జునరావుగారు దర్శకత్వము వహించిన ‘గూఢచారి 116’ తెలుగునాట ఈ జాతి చిత్రములకు దారి తెరచెను. కృష్ణగారు నాయకుడు, జయలలితగారు నాయిక, మాటలు ఆరుద్రగారివి. కృష్ణగారికి ఆంధ్రా జేమ్స్ బాండన్న పేరు దీనితోనే వచ్చెను. మరుసటియేట ఇది హిందీలో ‘ఫర్జ్’గా వెలసి జితేంద్రకు కీర్తి తెచ్చెను. అచ్చటను నాయకుని సంఖ్య 116 యే. 2018లో వచ్చిన ‘గూఢచారి’ చిత్రములో అడివి శేష్ పాత్రకును ఆ సంఖ్యయే సంక్రమించినది.

ఈ 116 తెలుగుచెవికి వినబడునట్లు హిందీవారి చెవికి వినబడదు. లండనువాని 007 వట్టి అంకె. మనకు నూటపదహారు అనగా పెండ్లిలో చదివింపులు, పండితునికి తాంబూలము, అల్లునికి కట్నము! తుపాకి పట్టినవానికి సంభావనసంఖ్య తగిలించుట విన్నంతనే నవ్వు పుట్టును. ఇచ్చట మా విద్యార్థులు ఒక ముచ్చట చెప్పుదురు. నిజాముగారి హాలీసిక్కా రూపాయి, ఇంగ్లీషువారి కంపెనీ రూపాయికంటె విలువ తక్కువది. నూరు కంపెనీ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీసిక్కా మారకము. అందుచేత నూరు రూపాయల కానుకకు బదులు నూటపదహారు ఇచ్చు నాచారము పుట్టెనందురు. మారకపు లెక్క నిజమే. ఆరు కంపెనీ రూపాయలకు ఏడు హాలీరూపాయలు; గుణించి చూచుకొనవచ్చును. కాని ఆచారమునకు మూలమిదియే యని తేల్చుట కెట్లు వీలగును? హాలీసిక్కా యెన్నడును చెలామణి కాని కోస్తాజిల్లాలలోను నూటపదహార్లు ఇచ్చుట కలదు గదా! ముచ్చటలో ఒకపాలు లెక్క, ఒకపాలు ఊహ. లెక్క సరిపోయినంతనే ఊహకూడ సరిపోయినదని నమ్ముట మన కలవాటు.

అట్లయిన ముచ్చటను పరీక్షించుటెట్లు? ఈ విషయమున గూఢచారులకు గురువైనవానినే అడుగుదము. మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున 1905లో ఆర్. శామశాస్త్రిగారికి తాళపత్రములుగ దొరకి, 1909లో అచ్చుపడిన కౌటిల్యుని అర్థశాస్త్రములో గూఢపురుషుల ప్రకరణము కలదు. అందు మొదట చెప్పబడిన గూఢచారి ఎవడనుకొనిరి? విద్యార్థివేషమువాడు! పరుల గుట్టెరిగిన ధైర్యశాలియగు ఛాత్రుడట. ఈమాట చెప్పినప్పుడెల్ల మా తరగతిలో ఒకరి మొగము నొకరు చూచుకొందురు. ఆ ప్రకరణముననే ఒక నియమము కలదు. ముగ్గురు చారులు చెప్పినమాట ఒక్కటైనప్పుడే రాజు దానిని నమ్మవలెను; ఆ చారులు ఒకరి నొకరెరుగరాదు. రెండవభాగమే ప్రాణము. నేడు చేతిలోని ఫోనులందు తిరుగు ముచ్చట ముప్పదిచోట్ల కనబడును. ముప్పదియు ఒకదానిని చూచి యొకటి వ్రాసినవి. వాడు ముప్పదిమంది చారులు గాడు. ముప్పది వేషములు వేసిన ఒక్కడు.

ఈ నియమముతో మన హైదరాబాదు ముచ్చట నొకదానిని తూచి చూతము. సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా విమానచోదకుడు 1939లో విమానమునందు కెమేరాలు దాచి, బ్రిటిషు గూఢచారిశాఖ పక్షమున జర్మనీ మీదుగా ఎగిరి ఛాయాపటములు తీసినవాడు. 1948లో, భారత ప్రభుత్వము హైదరాబాదును దిగ్బంధించియున్న కాలమున, అతడే లాంకాస్ట్రియన్ విమానములలో కరాచీనుండి నిజాముప్రభుత్వమునకు ఆయుధములు చేరవేసెను. రాత్రివేళ వచ్చి దిగెడి ఆ విమానముల కథ సెప్టెంబరునెల పోలీసుచర్యతో ముగిసెను. ఇంగ్లండులో అతనిమీద అభియోగము నడిచి జరిమానా పడెను. ఇంతవరకు చరిత్ర. జేమ్స్ బాండు పాత్రకు మూలము ఈ కాటనే యనునది ముచ్చట. ఫ్లెమింగు యుద్ధకాలమున నౌకాదళపు గూఢచారిశాఖలో పనిచేసినవాడు గనుక పరిచయము పొసగును. అయితే ఆ కిరీటమునకు కాటను వలెనే పోటీపడువారు అరడజనుకు తక్కువలేరు. ఒక్కొక్కరి జీవితకథ వ్రాసినవారు ఒక్కొక్కరిని ముందుకు త్రోయుదురు. ఆ పేరెక్కడనుండి వచ్చెనన్న సంగతి అట్లుగాదు. వెస్టిండీసు పక్షులనుగూర్చి 1936లో గ్రంథము వ్రాసిన జేమ్స్ బాండను పక్షిశాస్త్రజ్ఞుని పేరు తాను గ్రహించితినని ఫ్లెమింగు ఆయన భార్యకు స్వయముగ ఉత్తరము వ్రాసెను. మొదటిది తక్కెడలో తేలికగ తేలును, రెండవది బరువుగ దిగును. మన ఊరి సంబంధము కలదను ప్రీతిచే తూనిక మార్చరాదు గదా!

ఇంతవరకు చెప్పినవి పట్టుబడు తప్పులు. పట్టుబడని తప్పులు వేరే యున్నవి. 1983లో వచ్చిన ‘ఆక్టోపస్సీ’ చిత్రమును తీసికొనుడు. ఇది చాలభాగము ఉదయపురమున తీయబడినది. నాయకుని హెలికాప్టరు తాజ్‌మహలు మీదుగా నెగిరి, రెప్పపాటున ఉదయపురము సరస్సుచెంత నుండును. నడుమ ఐదువందల కిలోమీటర్లకు పైబడిన దూరము! ఈ తప్పు ప్రతివాని లెక్కలోను నుండును. సర్వే ఆఫ్ ఇండియావారి నడుగనక్కరయే లేదు. కాని ఆ ఊరివీధులలో ఎవరున్నారు? పాములవాడు, నిప్పులమీద నడచువాడు, మేకులపరుపువాడు, కత్తి మ్రింగువాడు; నాయకుడు నోట్లు చల్లినంతనే ఎగబడి దారికడ్డువచ్చు జనసమూహము. మద్రాసునుండి వెళ్లి వింబుల్డనులో ఆడిన విజయ్ అమృతరాజు అందు నాయకునికి తోడైన మన గూఢచారి. అతడు శత్రువులను టెన్నిసు బ్యాటుతో కొట్టును. జూదములో గెలిచిన సొమ్ములో కొంత అతని చేతబెట్టి, కొన్నివారములు కూరకు చాలునన్నట్లు నాయకుడు పరిహసించును. తాజ్‌మహలు స్థానము తప్పినదని వ్రాసికొన్నవారు ఈ పరిహాసమును తప్పుగ వ్రాసికొనరు. ఇది తెరమీదినుండి తొలగినది కాదు, చేతికి గడియారము మారినది కాదు. తీసినవారు ఇట్లే తీయదలచిరి గనుక కంటిన్యుటీ చక్కగ కుదిరినది.

పరదేశమువారిని నిందించుట సులభము. ఇందుకు మన పాలెంతయో ఒక సాయంకాలము టీకొట్టుయొద్ద తెలియవచ్చెను. మిత్రులందరును ఒక తెలుగు గూఢచారి చిత్రములోని తప్పులు చదువుచుండగా, నల్లగొండ జిల్లానుండి వచ్చి పరిశోధనము చేయుచున్న విద్యార్థి యొకడు అంతవరకు మాటలాడక, పిమ్మట ఇట్లనెను. అతని మాటలనే చెప్పెదను. ‘‘గడియారం ఏ చేతికున్నదో జూసిండ్రు గని, దొంగోడు ఎవ్వరి యాస మాట్లాడుతుండో ఒక్కలు రాయలేదేందిరా? మా ఊర్ల మాట్లాడినట్టు మాట్లాడేటోడు గా సిన్మాల చావనీకె వచ్చిండు, లేకుంటె నవ్వియ్యనీకె వచ్చిండు.’’ ఎవరును బదులాడలేదు. కొంతసేపటికి గుంటూరినుండి వచ్చిన బాలుడు కాగితముమీద ఆ మాట వ్రాసికొని, దాని కేయంకె వేయవలెనని అడిగెను.

ఈ ఫిర్యాదు ఆ విద్యార్థి యొక్కనిది కాదు. తెలుగుచిత్రములలో చాలకాలము నాయకుడు కృష్ణా గోదావరి తీరముల పలుకుబడి మాటలాడగా, తెలంగాణపు పలుకు రౌడీకిని హాస్యగానికిని కేటాయింపబడెను. 1969లోను 2009లోను ఉద్యమములు చెలరేగిన ఈ ప్రాంగణమున ఆ మాట పలుమారు వినబడినది. 2014 జూన్ 2న రాష్ట్రమేర్పడిన పిదప కొంత మారినది. శేఖర్ కమ్ముల 2017లో తీసిన ‘ఫిదా’లో నాయిక బాన్సువాడ పలుకు మాటలాడి ఇరురాష్ట్రముల ప్రేక్షకుల మెప్పు పొందెను, 2023 నాటి ‘బలగం’లో ఊరంతయు ఆ పలుకే పలికెను. ఇవి ప్రేమకథలు, కుటుంబకథలు. నేను చూచిన గూఢచారి చిత్రములలోని నాయకునికి మాత్రము ఆ భాగ్య మింకను పట్టలేదు. అతడు హైదరాబాదు గల్లీలలో వేషము మార్చి తిరుగును, ఇరానీ హోటలులో కూర్చుండి శత్రువును కనిపెట్టును, ఆటోవానితో బేరమాడును. నోరు తెరచినంతనే విజయవాడ బస్సు దిగినవానివలె నుండును.

దీనిని వృత్తిరీత్యా చూచినను తప్పే. గూఢపురుషునికి తగిన దేశము, వేషము, శిల్పము, భాష నమ్మదగినట్లు కుదరవలెనని కౌటిల్యుడు ముందే చెప్పియున్నాడు. వేషమునకు లక్షలు వెచ్చించి, భాషను మరచిన చారుని తార్నాకలోని కూరగాయలమ్మ మొదటిమాటకే కనిపెట్టి, ‘‘ఏ ఊరయ్యా నీది?’’ అని యడుగును.